బీలను బంజరని రాసిన కాగితం

శ్రీకాకుళం జిల్లా సోంపేట నుంచి బారువ వైపు వెళ్తుంటే, సముద్రానికి కాస్త ఇవతల నేల పల్లమవుతుంది. వాననీళ్ళు చేరి అక్కడే నిలుస్తాయి. తుంగ, గడ్డి, మధ్యలో ఓ నాటు పడవ, అల్లంత దూరాన కొంగలు. చుట్టుపక్కల వరిచేలకు ఆ నీరే ఆధారం. వల వేసుకునేవాళ్ళు వేసుకుంటారు, గొడ్లు మేసేచోట మేస్తాయి. ఆ పల్లానికి ఇక్కడి పేరు బీల. టెక్కలి వైపు ఇలాంటి దాన్నే తంపర అంటారు. నిఘంటువుతో పనిలేదు, ఉద్దానంలో ఏ పిల్లాణ్ణి అడిగినా చెయ్యి చాపి చూపిస్తాడు.

కాగితం మాత్రం దాన్ని బంజరంది.

2008 సెప్టెంబరులో 1107 నంబరు జీవోతో రాష్ట్ర ప్రభుత్వం ఇక్కడి 972 ఎకరాల పైచిలుకు భూమిని నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి కేటాయించింది. 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కోసం. నీళ్ళున్న నేలకు పర్యావరణ అనుమతి తేలిగ్గా రాదు, పనికిరాని నేలకైతే వస్తుంది. బంజరన్న ఆ ఒక్క మాట మీదే వ్యవహారమంతా ఆధారపడింది. కరెంటు కావాలా వద్దా అన్న వాదనలోకి నేను పోవడం లేదు. నా పేచీ ఆ మాటతోనే.

2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి ప్రాజెక్టుకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. ముప్పై రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ప్రభావ నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. సారాంశమే సుమండీ! వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది. నీటి లెక్క, బూడిద ఎక్కడ పోస్తారు, వేడినీళ్ళు సముద్రంలో ఎక్కడ వదులుతారు, రైతుకూ మత్స్యకారుడికీ కావాల్సిన సంగతులన్నీ అందులోనే. తన బీల గురించి ఎవరో రాసిన పుస్తకం, బీలలో పుట్టి పెరిగినవాడికే అర్థం కాదు. సారాంశం చేతికిచ్చి, మైకు ముందు నిలబెట్టి, నీ అభిప్రాయం చెప్పమంటారు.

సోంపేటలో 2009 ఆగస్టులో ఆ సభ జరిగింది. జనం వద్దన్నారు. డిసెంబరులో అనుమతి వచ్చింది. ఆ వద్దన్న మాట ఫైల్లో ఎక్కడ పడిందో గానీ, నిర్ణయం దాకా వెళ్ళలేదు.

అప్పటి నుంచి బీల కథను జనమే మోశారు. కరపత్రాలు, ఊరూరా సభలు, రిలే నిరాహార దీక్షలు. స్థానిక వైద్యులు ముందు నిలిచారు. కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ విశాఖ నుంచి లేఖల మీద లేఖలు రాశారు. విద్యుత్ శాఖ నడిపిన మనిషే ఈ కేంద్రం ఇక్కడ తగదంటుంటే, కొట్టిపారేయడం అధికారులకు తేలిక కాలేదు.

2010 జూలై 14. పనులు మొదలుపెట్టేందుకు కంపెనీ మనుషులు పోలీసు బందోబస్తుతో వచ్చారు. జనం అడ్డుకున్నారు. కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేలేనన్న జనం వాదనకే బలం చేకూరింది. అదే కబురు ఒక్కరోజు ముందు వచ్చుంటే అన్న ఆలోచన, బీల గట్టు మీద నిలబడిన ఎవరికైనా రాక తప్పదు. భూ కేటాయింపు రద్దు కావడానికి 2015 దాకా పట్టింది. టెక్కలి వైపు కాకరాపల్లి థర్మల్ కేంద్రం దగ్గర ఈ పాఠం ఎవరికీ తలకెక్కలేదు. 2011 ఫిబ్రవరి 28న ఆ తంపర నేల మీదా తూటాలు పేలాయి.

జూలై 14 అంటే ఈ జిల్లాకు ఇంకో గుర్తుంది. 1893లో ఆ తేదీనే నరసన్నపేట తాలూకా గోనెపాడులో గరిమెళ్ళ సత్యనారాయణ పుట్టారు. విజయనగరం హైస్కూల్లో పాఠాలు చెప్పిన పంతులు. ‘మాకొద్దీ తెల్లదొరతనము’ రాసినందుకు 1922లో జైలుకెళ్ళారు. పాటను అచ్చువేస్తే పట్టుకోవచ్చు, కానీ అది అప్పటికే నోళ్ళకెక్కింది. తెలుగు రాని కలెక్టరు దొర దాన్ని పాడించుకు విన్నాడని చెబుతారు. గరిమెళ్ళ 1952లో మద్రాసులో పేదరికంలో పోయారు. స్వతంత్ర ప్రభుత్వాలు ఆయన్ను తలుచుకుంటాయి గానీ, ఆ పాట పట్ల దొరలు చూపిన భయాన్ని కూడా కొంత వారసత్వంగా ఉంచుకున్నాయి.

రాష్ట్రంలో ఏ జెండా ఉన్నా మాటకు భయపడే ఈ అలవాటు పోదు. 2019 అక్టోబరు 30న వచ్చిన 2430 జీవో, ‘తప్పుడు’ వార్తలపై కేసులు వేసే అధికారాన్ని శాఖల కార్యదర్శులకిచ్చింది. 2021 ఆగస్టులో జీవోలను వెబ్‌సైటులో పెట్టడమే ఆపేశారు. ప్రభుత్వం మారాక, 2024 ఆగస్టులో మళ్ళీ పెట్టడం మొదలుపెట్టారు. మెచ్చుకోవాల్సిందే, కానీ తలుపు తెరవడం, మూయడం పాలకుల ఇష్టమైతే అది హక్కెలా అవుతుంది? కేంద్రం తక్కువ తినలేదు. 2020లో పర్యావరణ నోటిఫికేషన్ కొత్త ముసాయిదాను ఇంగ్లీషు, హిందీల్లోనే వదిలితే, 22 భాషల్లోకి మార్చమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. అనువదించే బదులు కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

ఈ జిల్లాలోనే రణస్థలం మండలం కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం కోసం భూములు సేకరించారు. అణు వ్యవహారమంటే రహస్యం మరింత గట్టిది. 1962 నాటి అణుశక్తి చట్టమే సమాచారాన్ని దాచే అధికారాన్ని కేంద్రానికిచ్చింది. రియాక్టరు గుట్టు మనకెందుకు, సరే. ఊరు ఎప్పుడు ఖాళీ చెయ్యాలి, ఎక్కడికి పోవాలి, పరిహారం జాబితాలో పేరుందా అన్నవి మాత్రం రహస్యాలు కావు.

ఇక అడిగి తెలుసుకునే దారి సంగతి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షనును మార్చింది. ఇతరుల వివరాలు అడిగితే ‘వ్యక్తిగతం’ అని తిప్పి పంపడం ఇప్పుడు తేలిక. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చన్న 8(2) మాత్రం చట్టంలో అలాగే ఉంది. దరఖాస్తులో ఆ సెక్షను పేరెత్తి, ప్రయోజనమేమిటో రెండు వాక్యాల్లో రాయండి.

మీ ఊరి చెరువు, పోరంబోకు, తంపర రికార్డుల్లో ఏ పేరుతో ఉందో సమాచార హక్కు చట్టం కింద ఈ వారమే అడగండి. దరఖాస్తు తెలుగులో రాయవచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10. ఇచ్చినట్టు రసీదు తీసుకుని, దాని మీద తేదీ వేయించుకోండి. ముప్పై రోజుల గడువు ఆ తేదీ నుంచే లెక్క.