మీకు తెలుసా? ‘వర్రీ’ అంటే ఒకప్పుడు గొంతు నులమడం

ఆంగ్లంలో దిగులుపడడాన్ని చెప్పే ‘వర్రీ’ అనే మాటకు మొదట మనసుతో సంబంధమే లేదు. ప్రాచీన ఆంగ్లంలో దాని రూపం ‘విర్గన్’. అర్థం గొంతు నులిమి చంపడం. దీని తోబుట్టువైన జర్మన్ పదం ‘వ్యూర్గెన్’కు ఇప్పటికీ గొంతు నులమడమనే అర్థం. మధ్యయుగంలో కుక్కలు, తోడేళ్లు గొర్రెల పీక పట్టి కొరికి ఈడ్చడాన్ని ఈ మాటతోనే చెప్పేవారు. ఆ వాడుక బ్రిటన్ చట్టంలో నేటికీ సజీవంగా ఉంది: పశువుల రక్షణకు 1953లో చేసిన కుక్కల చట్టం ప్రకారం, వ్యవసాయ భూమిలో కుక్క పశువులను ‘వర్రీ’ చేస్తే నేరం. 16వ శతాబ్దంలో వేధించడం, 17వ శతాబ్దంలో విసిగించడం అనే అర్థాలు చేరాయి. తనలో తాను మథనపడడమనే అర్థం 19వ శతాబ్దానికి గానీ స్థిరపడలేదు. మరీ విశేషం, ఆందోళనతో ఉన్న అని అర్థమిచ్చే ఆంగ్ల పదం ‘యాంగ్షియస్’ పుట్టుక కూడా గొంతు దగ్గరే: నొక్కడం, ఊపిరాడనీయకపోవడం అనే అర్థాలున్న లాటిన్ క్రియ ‘అంగెరె’ దానికి మూలం.