నిలువుకాళ్ళ కొలువుకు ఏ జోడు?

మొన్న మాఘమాసంలో ఒక ఉదయం మొదటి గంట పాఠం చెబుతూండగా మా విద్యార్థి ఒకడు తలుపు దగ్గర నిలబడి లోపలికి రానా అని అడిగాడు. ఆలస్యం మాట అలా ఉంచండి, అతడు నడిచి వచ్చిన తీరు నిప్పులగుండం తొక్కుతున్నవాడి నడకలా ఉంది. కాళ్ళకు హవాయి చెప్పులు, రెండు మడమల మీదా గుడ్డపీలికలు.

“ఏమైందోయ్?” అన్నాను.

“బూట్లు కరిచినయి సార్. రాత్రి కోదాడల పెండ్లికి క్యాటరింగుకు పోయిన.”

“ఎంతసేపు నిలబడ్డావు?”

“మూడింటికి పోయినం. ఒంటిగంటకు ఇడిసిపెట్టిండ్రు సార్.”

తరగతి గొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పాఠం అయ్యాక పిలిచి అడిగితే సంగతంతా చెప్పాడు. తెల్లచొక్కా, నల్లప్యాంటు ఎవరివి వారు తెచ్చుకోవాలట. బూట్లు లేనివారికి మేస్త్రీ ఒక గోనెసంచి విప్పి చేతికందిన జత ఇస్తాడట. మనవాడి పాదం తొమ్మిది నంబరు, దొరికిన జత ఎనిమిది. వద్దనవచ్చు గదా అంటే, “బూట్లు లేనోనికి కూలి లేదు సార్” అన్నాడు.

పెళ్ళికి వెళ్ళిన మనం వధూవరులను చూస్తాం, నగలు చూస్తాం, విస్తట్లో ఎన్ని రకాలు పడ్డాయో లెక్క పెడతాం. వడ్డించేవాడి కాళ్ళవంక చూసేదెవరు? ఒక్క మేస్త్రీ. అతడైనా చూసేది బూటు నిగనిగలాడుతోందా లేదా అన్నంతవరకే.

మా ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. సూర్యాపేట, కోదాడ హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీది ఊళ్ళు. మిర్యాలగూడ ఆ దారికి దక్షిణాన, నాగార్జునసాగర్ ఎడమకాలువ నీటితో పండే వరిపొలాల నడుమ, బియ్యపు మిల్లులతో పేరుబడిన పట్నం. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు మొదటి రెండూ సూర్యాపేట జిల్లాకు పోయాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. పెళ్ళిళ్ళ పనివారికి మాత్రం ఆ సరిహద్దుతో నిమిత్తం లేదు. మంచి ముహూర్తం ఉన్ననాడు మూడు ఊళ్ళ ఫంక్షన్ హాళ్ళూ ఒక్కసారే వెలుగుతాయి. వడ్డనకుర్రాళ్ళు, గుమ్మంలో పన్నీరు చల్లే ఆడపిల్లలు, ఫొటోగ్రాఫర్లు, బ్యాండువాళ్ళు, కార్లు నిలిపించే కాపలామనుషులు అందరూ ఎనిమిది పది గంటలు కాళ్ళమీదే ఉంటారు. ఈమధ్య రిసెప్షన్లకు వ్యాఖ్యానం చెప్పమని తెలుగు మాస్టర్లను పిలవడం ఒకటి వచ్చింది కనుక, ఆ జాబితాలో నేనూ ఉన్నాను సుమా!

నడిచేవాడికంటె నిలబడ్డవాడికే కాళ్ళు ఎక్కువ లాగుతాయంటే చాలామంది నమ్మరు. నడకలో పిక్కకండరం బిగుస్తూ సడలుతూ నెత్తురును పైకి తోస్తుంది. కదలకుండా నిలబడితే ఆ తోపుడు తగ్గిపోతుంది. నెత్తురూ నీరూ కిందనే నిలిచి పాదం ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన బూటు రాత్రి తొమ్మిదింటికి పట్టకారు అవుతుంది. అందుకే బూట్లు కొనదలచినవారు ఉదయం తీరికగా వెళ్ళరాదు. సాయంత్రం, రోజంతా తిరిగిన కాళ్ళతో వెళ్ళాలి. రెండు పాదాలూ ఒక్క కొలత ఉండటం అరుదు గనుక పెద్దదానికి సరిపడేది కొనాలి. కూర్చుని కాదు, నిలబడి చూసుకోవాలి. అన్నిటికంటె పొడుగు వేలికి ముందు బొటనవ్రేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. ఆ పొడుగు వేలు కొందరికి బొటనవేలు కాదు, దాని పక్కది!

నంబరును నమ్ముకోకండి. మన దుకాణాల్లో అడిగే నంబరు ఇంగ్లండునుంచి వచ్చిన కొలత. ఒక నంబరుకూ మరొక నంబరుకూ తేడా అంగుళంలో మూడోవంతు. ఇది పూర్వం అక్కడ యవగింజ పొడుగును బట్టి ఏర్పడిన లెక్క. అది పొడుగు చెబుతుంది గాని పాదం వెడల్పు చెప్పదు. మన పాదాలకు వెడల్పే ముఖ్యం. చెన్నపట్నం అడయారులోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థవారు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా జనం పాదాలను యంత్రాలతో కొలిచి, భారతీయుల పాదాలు పాశ్చాత్యుల పాదాలకంటె వెడల్పని తేల్చారు. మన పాదాలకు మన కొలతలే ఉండాలని ‘భ’ అనే అక్షరంతో కొత్త పద్ధతినీ ప్రతిపాదించారు. ఆ సంస్థను 1958 నుంచి 1971 వరకు నడిపిన డైరెక్టరు మన తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారే. మనవాళ్ళు ఇంజనీర్లను, డాక్టర్లను తలచుకున్నంతగా ఈ తోళ్ళ శాస్త్రజ్ఞుణ్ణి తలచుకోరు. ఎందుకో నాకు తెలిసినా ఇక్కడ రాయను.

వెడల్పు చాలని బూటుకు పొడుగు పెంచి కొనడం మన అలవాటు. అప్పుడు మడమ జారి, జారినచోటల్లా బొబ్బ లేస్తుంది. నంబరు పెంచేకంటె ముందుభాగం వెడల్పుగా, గుండ్రంగా ఉన్న మరో నమూనా అడగటం మేలు. సూదిముక్కు బూట్లు పెళ్ళికొడుక్కి వదిలేయండి, అతడు కూర్చునే ఉంటాడు.

లేసులా, లేసులు లేనివా? పాశ్చాత్యుల పుస్తకాలు లేసులనే మెచ్చుకుంటాయి. పాదం ఉబ్బినకొద్దీ ముడి సడలించుకోవచ్చు గదా! వాటిలోనూ లేసుపట్టీలు రెండూ పైకి విడివిడిగా తెరుచుకునే డెర్బీ రకం మన ఎత్తు పాదాలకు హాయి. అయితే ఆ పుస్తకాలు రాసినవారు మన పెళ్ళిమండపం ఎరగరు. ఫొటోగ్రాఫరు జీలకర్రబెల్లానికి బూట్లు విప్పి మండపం ఎక్కాలి, దిగి తొడుక్కోవాలి, మళ్ళీ తాళికి విప్పాలి, తలంబ్రాలకు విప్పాలి. ప్రతిసారీ లేసులు కట్టుకుంటూ కూర్చుంటే తాళి కట్టడం అయిపోతుంది! అతనికి లేసులు లేని బూటే గతి. ఆ రకంలో ఒకదానికి లోఫర్ అని పేరు. మన ఊళ్ళో అది తిట్టు గనుక దుకాణంలో గట్టిగా అడగటానికి మొగమాటం. లోఫర్ కంటె, పాదం పైదాకా కప్పి రెండు పక్కలా సాగే పట్టీ ఉన్నది నయం, ఉబ్బిన పాదంతో పాటు అదీ సాగుతుంది. మండపం ఎక్కేవారికి మేజోళ్ళ జత ఇంకొకటి సంచిలో ఉండాలి. అచ్చంగా నూలువైతే చెమట పీల్చి తడిగానే ఉండి చర్మాన్ని ఒరుస్తాయి. కొంత నైలాను కలిసినవి త్వరగా ఆరతాయి. మేజోటికి చిల్లు ఉంటే నూరుమంది ముందు బయటపడేది ఆనాడే!

వడ్డనకుర్రాడికి మండపంతో పని లేదు, భోజనశాలతోనే పని. రసం ఒలికిన గ్రానైటు మీద నున్నని అడుగుబూటు మంచుగడ్డే. చారలు చెక్కిన రబ్బరు అడుగు, అంగుళానికి మించని మడమ, లేసులు, ఇవి చూసుకోవాలి. రెండు చివరలూ పట్టుకుని వంచితే బూటు వేళ్ళ మొదట వంగాలి. నడుమ అట్టముక్కలా మడిచిపోతే తిరిగి ఇచ్చేయండి. తోలు కొన్నాళ్ళకు పాదం తీరుకు వస్తుంది, రెగ్జిను రాదు. కొత్త తోలుబూటు మడమ అంచుకు లోపల కాస్త ఆముదం రాసి, ఇంట్లో వారంరోజులు గంటా రెండుగంటలు తొడిగి తిరగాలి. ముహూర్తంనాడే కొత్తబూటు తొడగటం కొరివితో తల గోక్కోవడమే.

ఆడపిల్లలకు చీర ఒక వరం. కింద ఏ చెప్పు ఉన్నదీ ఎవరికీ కనబడదు. ఎత్తుమడమ వేస్తే బరువంతా వేళ్ళమొదటికి దిగుతుంది. బల్లపరుపు చెప్పుతో చీర నేలకు రాస్తుందంటారు. వేసుకోబోయే చెప్పు తొడిగాకే కుచ్చెళ్ళు పోసుకుంటే ఆ చిక్కు ఉండదు.

మిర్యాలగూడలో నాకు తెలిసిన ఒక వంటాయన ఉన్నాడు. చక్కెరవ్యాధి ముదిరి అరికాలు మొద్దుబారింది. చెప్పు కరిస్తే మనకు నొప్పి అని తెలుస్తుంది, ఆయనకు ఆ భాగ్యం లేదు. చెప్పులో గుచ్చుకున్న మేకును సాయంత్రం కడుక్కునేటప్పుడు నెత్తురు చూసి కనిపెట్టాడు. అటువంటివారికి డాక్టర్లు రాసే ఎం.సి.ఆర్. చెప్పులో సన్నని గాలిగదులున్న మెత్తటి రబ్బరు ఉంటుంది. రాయవేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ వంటివారు స్పర్శ పోయిన కుష్ఠురోగుల పాదాలను కాపాడటానికి చేసిన కృషిలోంచి వ్యాపించిన పాదరక్ష అది. వెనక పట్టీతో నల్లరంగులో కుట్టించుకుంటే ఏ విందులోనైనా మర్యాదగానే ఉంటుంది. రోజూ రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోవడం మాత్రం ఏ చెప్పూ చేసిపెట్టదు.

ఇంత చెప్పినా, మంచి బూటు పది గంటల నిలుపును రెండు గంటలు చేయలేదు. కేరళలో బట్టలకొట్ల ఆడవాళ్ళు కూర్చునే హక్కుకోసం పోరాడితే 2018లో దుకాణాల చట్టాన్ని సవరించారు. తమిళనాడు 2021లో ఆ దారి పట్టింది. బంతికీ బంతికీ నడుమ వడ్డనకుర్రాడు పదినిమిషాలు స్టూలుమీద కూర్చుంటే పెళ్ళివారి పరువు పోదని నా నమ్మకం.

ఫాల్గుణం రాకముందే ఒక సాయంత్రం మావాణ్ణి సూర్యాపేట బజారుకు తీసుకుపోయాను. మూడు రాత్రుల కూలి పెట్టి తొమ్మిది నంబరు జత, ముక్కు వెడల్పుది, అతడే ఏరుకున్నాడు.

పెళ్ళిళ్ళు మళ్ళీ మొదలయ్యాక ఒక సోమవారం మొదటి గంటకు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆలస్యమే. నడక మాత్రం తిన్నగా ఉంది.

“బూట్లు ఎట్లా ఉన్నాయోయ్?”

“మంచిగున్నయి సార్. బస్సు దొరకలే.”

“మరి ఆ గోనెసంచి?”

“అన్నిటికీ అడుగున సుద్దతోని నంబర్లు రాసిన సార్. ఎవనిది వాడు ఏరుకుంటుండు.”