పసుపు సొమ్ము – వేలిముద్ర జాగ్రత్త
ఏజెన్సీ ఖాతాదార్లు గమనించవలసిన విషయాలు

తూర్పు కనుమల్లో సీలేరు నది జలాశయం ఒడ్డున ఉన్న డొంకరాయి పరిసర గ్రామాల వారికి పసుపు, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు ముఖ్యమైన అమ్మకపు సరుకులు. ఇక్కడ మోసం అనగానే పాతతరం వారికి గుర్తుకు వచ్చేది తూకమే. దళారుల బెడద నుండి గిరిజనులను కాపాడడానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. అటవీ ఉత్పత్తుల వర్తకాన్ని అదుపు చేస్తూ 1979లో ప్రభుత్వం రెగ్యులేషన్ తెచ్చినది. త్రాసు ముల్లును గమనించడం రైతు ఆ అనుభవంతోనే నేర్చుకున్నాడు. నేడు అంత శ్రద్ధగానూ గమనించవలసిన వస్తువు మరొకటి ఉన్నది. అది వేలిముద్ర యంత్రం.

సరుకు అమ్మిన సొమ్ములో కొంత, ప్రభుత్వ పథకాల సొమ్ములో చాలా భాగం ఇప్పుడు బ్యాంకు ఖాతాలకే చేరుతున్నవి. బ్యాంకు శాఖకు పోవాలంటే ఘాటు రోడ్డు ప్రయాణం, ఒక రోజు కూలి నష్టం. అందువలన ఊళ్లోనో, సంతలోనో ఉండే బ్యాంకు మిత్ర వద్ద సొమ్ము తీసుకోవడం వాడుక అయినది. ఇటువంటి ప్రతినిధులను నియమించుకొనడానికి రిజర్వు బ్యాంకు 2006లో బ్యాంకులకు అనుమతి ఇచ్చినది. ఈ పద్ధతిలో చెక్కు, సంతకం, రహస్య సంఖ్య ఏవీ అక్కరలేదు. ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఒక్కొక్క లావాదేవీకి 10,000 రూపాయల వరకు తీయవచ్చును. సౌకర్యం ఇందులోనే ఉన్నది, ప్రమాదమూ ఇందులోనే ఉన్నది.

మోసం జరిగే తీరు

ఒక రైతు ఖాతాలో 9,000 రూపాయలు ఉన్నవనుకుందాం. అతడు 2,000 అడుగుతాడు. యంత్రంలో 3,000 నొక్కి చేతికి 2,000 ఇవ్వడం మొదటి రకం. సొమ్ము ఖాతా నుండి పోయిన తరువాత కూడా "ముద్ర పడలేదు, మళ్లీ పెట్టు" అని రెండవసారి తీయడం రెండవ రకం. నిలువ చూస్తానని చెప్పి సొమ్మే తీసి, "సర్వర్ లేదు, రేపు రా" అని పంపివేయడం మూడవ రకం. నిలువ చూడడానికైనా, సొమ్ము తీయడానికైనా పెట్టేది ఒకే వేలు. తేడా యంత్రం తెర మీదనే కనిపిస్తుంది. సిగ్నల్ లేని కొండ గ్రామాల్లో ఫోను సందేశం ఆలస్యంగా వస్తుంది కనుక మోసం వెంటనే బయటపడదు.

వేలిముద్రకే నకలు తీసిన ఉదంతమూ ఉన్నది. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారు చేసి, వాటితో వేల సిమ్ కార్డులు చలామణీలోకి తెచ్చినట్లు బయటపడినది.

పాటించవలసిన పద్ధతి

వేలు పెట్టే ముందు తెర మీది అంకె చూడాలి. చదువు రానివారు చదివే పిల్లవాడిని వెంట తీసుకొని పోవడం మంచిది. "ముద్ర పడలేదు" అన్నప్పుడు, విఫలమైనట్లు చూపే రసీదు అడిగిన తరువాతనే మళ్లీ వేలు పెట్టాలి. రసీదులోని అంకె, చేతిలోని నగదు అక్కడే సరిచూసుకోవాలి. బ్యాంకుకు వెళ్లినప్పుడెల్లా పాసుపుస్తకంలో పద్దులు వేయించుకోవాలి. ఫోను నంబరు ఖాతాకు జత అయినదో లేదో విచారించాలి.

ఆధార్ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసుకొనే సదుపాయం ఉన్నది. అయితే తాళం వేస్తే రేషన్, పింఛను వద్ద కూడా ముద్ర పనిచేయదు. అవసరమైనప్పుడు తెరచుకోవలసి ఉంటుంది.

చిల్లర వర్తకులు మరొకటి గమనించాలి. పసుపు కొంటాము, బయానా పంపుతాము అని ఫోనులో చెప్పి పిన్ నొక్కమనేవారు ఉన్నారు. సొమ్ము పుచ్చుకొనడానికి పిన్ అవసరం లేదు. పిన్ నొక్కితే సొమ్ము పోవడమే గాని రావడం ఉండదు.

సొమ్ము పోయినచో

ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి. బ్యాంకుకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోవాలి. ఖాతాదారు తప్పు గాని, బ్యాంకు తప్పు గాని లేకుండా ఇతరులు చేసిన మోసాన్ని, సమాచారం అందిన మూడు పనిదినాల్లో తెలిపితే ఖాతాదారుకు నష్టం ఉండరాదని 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తరువు నిర్దేశించినది. బ్యాంకు వైపు లోపం ఉంటే, ఖాతాదారు తెలిపినా తెలపకపోయినా నష్టం అతనిది కాదన్నది. ఖాతాదారుదే బాధ్యత అని రుజువు చేయవలసిన భారం కూడా బ్యాంకు మీదనే పెట్టినది. తాను నియమించుకొన్న ప్రతినిధి చేసిన పనికి బ్యాంకే జవాబుదారీ. కనుక "అది మిత్రతో తేల్చుకో" అనే మాట చెల్లదు. 30 రోజుల్లో సమాధానం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పంపవచ్చును. దీనికి రుసుము లేదు.

ఏడాది కష్టానికి వచ్చిన పసుపు సొమ్ము ఒక్క ముద్రతో ఖాతా దాటిపోగలదు. తూకం చూడనిదే సరుకు వదలని రైతు, అంకె చూడనిదే వేలు పెట్టరాదు.