రైలు ఆధారంగా చిన్న యాత్రకు ప్రణాళిక: వరంగల్ కేంద్రంగా ఒక ఉదాహరణ

విహారయాత్ర, తీర్థయాత్ర, విజ్ఞానయాత్రల మధ్య తేడాలు గత విభాగంలో తెలుసుకున్నారు. ఒక నగరంలో రెండు మూడు రోజులు బస చేసి, అక్కడి నుంచి ప్రతి ఉదయం రైలులో ఒక ఊరికి వెళ్ళి రాత్రికి తిరిగి వచ్చే యాత్రను ఎలా రూపొందించుకోవాలో ఈ విభాగంలో పరిశీలిద్దాం. ఉదాహరణగా భూపాలపల్లి జిల్లా చిట్యాల నుంచి బయలుదేరే ఒక విద్యార్థిని తీసుకుందాం. ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ చదివేవారికి వరుసగా మూడు రోజులు ఖాళీ దొరకడం అరుదు. అందులో ఒక రోజు స్టేషన్ బెంచీ మీద గడిచిపోతే ఆ సెలవు మళ్ళీ రాదు.

కేంద్ర స్థానాన్ని ఎంచుకోవడం

రోజుకో ఊళ్ళో బస మారిస్తే ప్రతి ఉదయం సామాను సర్దుకోవాలి, ప్రతి సాయంత్రం గది వెతుక్కోవాలి. ఒకే చోట గది తీసుకుంటే చేతి సంచీతో తిరగవచ్చు. ఆ చోటును ఎంచుకునేటప్పుడు అక్కడ చూడవలసినవి ఎన్ని ఉన్నాయన్న దానికంటే, అక్కడి నుంచి ఎన్ని దిక్కులకు రైలు మార్గాలు ఉన్నాయన్నది ముఖ్యం.

చిట్యాల మండలానికి రైలు మార్గం లేదు. మొబైల్ యాప్‌లో ‘చిట్యాల’ అని వెతికితే ఒక స్టేషన్ కనబడుతుంది గాని, అది నల్లగొండ జిల్లాలో బీబీనగర్–నడికుడి మార్గం మీద ఉన్న మరో చిట్యాల. మన చిట్యాలకు పడమరగా ఉన్న జమ్మికుంటలో స్టేషన్ ఉంది. కాని అది ఒకే మార్గం మీద ఉన్న స్టేషన్. పరకాల మీదుగా బస్సులో హన్మకొండ చేరితే ఇటు కాజీపేట, అటు వరంగల్ రెండు స్టేషన్లూ అందుబాటులోకి వస్తాయి. కాజీపేట జంక్షన్ నుంచి మూడు మార్గాలు చీలుతాయి: సికింద్రాబాద్ వైపు, విజయవాడ వైపు, బల్లార్షా వైపు. నిజాం కాలంలో వేసిన రైలు మార్గం 1889 నాటికి విజయవాడ చేరింది. బల్లార్షా మార్గం ఆ తరువాత వచ్చింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నడవడం 1929లో మొదలైంది.

రెండు స్టేషన్ల మధ్య దూరం సుమారు 10 కి.మీ. మాత్రమే. అయినా అవి ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కావు. సికింద్రాబాద్ నుంచి సిర్పూర్ కాగజ్‌నగర్ వెళ్ళే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలోనే బల్లార్షా వైపు తిరిగిపోతుంది, వరంగల్‌కు రాదు. చెన్నై, విజయవాడల నుంచి ఢిల్లీ వెళ్ళే రైళ్ళలో చాలా వరకు వరంగల్‌లో ఆగుతాయి, కాజీపేట ప్లాట్‌ఫారం మీదకు రావు. కాబట్టి ‘వరంగల్ నుంచి రైలు ఉందా?’ అని అడగడం చాలదు. ఏ స్టేషన్ నుంచి అన్నది కూడా రాసుకోవాలి. గది హన్మకొండలో తీసుకుంటే రెండింటికీ సిటీ బస్సు, ఆటో దొరుకుతాయి. తెల్లవారుజామున రైలు పట్టుకోవాలంటే మాత్రం స్టేషన్ పక్కనే బస మేలు.

తిరుగు ప్రయాణం నుంచి వెనక్కి లెక్కించడం

చాలామంది ఉదయం ఏ రైలు ఎక్కాలో ముందు చూస్తారు. ఒక్క రోజు యాత్రలో మొదట చూడవలసింది సాయంత్రం తిరిగి వచ్చే రైలు. భువనగిరి కోట చూడాలనుకున్నారు, అక్కడ తిరుగు రైలు సాయంత్రం 5.00 గంటలకు ఉందనుకుందాం. (ఇది లెక్క కోసం అనుకున్న సమయమే.) టికెట్ కోసం 4.30కి స్టేషన్‌లో ఉండాలి. అంటే 4.00 గంటలకు కోట కింద ఆటో ఎక్కాలి. ఏకశిల మీద కట్టిన కోట కనుక దిగడానికి ముప్పావు గంట పట్టిందనుకున్నా, పైన 3.15కే బయలుదేరాలి. ఉదయం 10.30కి స్టేషన్‌లో దిగినవారికి, కొండ ఎక్కే సమయం, భోజనం పోగా, కోట చూడటానికి మిగిలేది రెండు మూడు గంటలే. వేసవిలో మధ్యాహ్నం ఆ రాయి మీద నిలబడటం కష్టం కాబట్టి, అంత ఆలస్యంగా చేరే రైలు అసలు పనికిరాదని ఈ లెక్కే చెబుతుంది.

ఇంకో జాగ్రత్త ఉంది. తిరిగి రావడానికి కనీసం రెండు మార్గాలున్న ఊరినే ఎంచుకోవాలి. భువనగిరి, ఆలేరు, జనగామ ఊళ్ళు రైలు మార్గంతోపాటు హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారి 163ను కూడా అంటిపెట్టుకుని ఉన్నాయి. రైలు తప్పితే ఆర్టీసీ బస్సు ఉంటుంది. డోర్నకల్‌లో ఆ సౌకర్యం తక్కువ. అక్కడ రైలు తప్పితే మహబూబాబాద్‌కో ఖమ్మానికో చేరి, అక్కడి నుంచి మరో వాహనం చూసుకోవాలి. అందుకే అలాంటి ఊరికి ఉదయమే వెళ్ళి మధ్యాహ్నానికి తిరుగుముఖం పట్టడం మంచిది.

చిట్యాల విద్యార్థికి ఇంకో మెట్టు ఉంది. మూడో రోజు వరంగల్‌లో రైలు దిగడంతో యాత్ర ముగియదు. ఊరికి చేర్చే చివరి బస్సు అందాలి. రైలు గంట ఆలస్యమైనా ఆ బస్సు దొరికేలా చూసుకోవాలి. హన్మకొండ చేరిన మొదటి రోజే బస్టాండులో చివరి బస్సు సమయం అడిగి రాసుకుంటే, మూడో రోజు ఏ రైలు ఎక్కాలో దానంతట అదే తేలిపోతుంది.

మూడు రోజుల నమూనా

మొదటి రోజు రైలు అక్కరలేదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి, వరంగల్ కోటలోని కీర్తి తోరణాలు చూసి, సాయంత్రం భద్రకాళి చెరువు దగ్గర గడపవచ్చు. రెండో రోజు సికింద్రాబాద్ మార్గం. ఆలేరులో దిగి, సుమారు 6 కి.మీ. దూరంలోని కొలనుపాక జైన దేవాలయం చూడవచ్చు. లేదా భువనగిరి కోట ఎక్కవచ్చు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే రెండూ హడావుడిగా ముగుస్తాయి. లోహ హస్తకళ మీద ఆసక్తి ఉన్నవారు జనగామలో దిగి పెంబర్తి వెళ్ళవచ్చు. ఈ మార్గంలో ఒక సౌలభ్యం ఉంది. శాతవాహన, భాగ్యనగర్ వంటి రైళ్ళు ఉదయం సికింద్రాబాద్ వైపు వెళ్ళి, మధ్యాహ్నం తరువాత అటు నుంచి తిరిగి వస్తాయి. అయితే ప్రతి రైలూ ప్రతి స్టేషన్‌లో ఆగదు. దిగవలసిన ఊళ్ళో ఆగే రైలేదో ముందే చూసుకోవాలి.

మూడో రోజు విజయవాడ మార్గంలో డోర్నకల్. భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో ఆ పదవి చేపట్టి, డోర్నకల్ కేంద్రంగా పనిచేశారు. ఆయన కట్టించిన కెథడ్రల్ 1939లో ప్రారంభమైంది. దాని నిర్మాణంలో గుడి, మసీదుల శైలులు కలిసి కనిపిస్తాయి. మన విద్యార్థులు దీన్ని చాలా తక్కువగా చూస్తారు. చూడదగ్గ కట్టడం.

రామప్ప గుడి ఈ నమూనాలో ఎందుకు లేదని మీరు అడగవచ్చు. 1213 నాటి ఆ ఆలయం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కాని పాలంపేటకు రైలు లేదు. దాన్ని రోడ్డు మార్గంలో మరో రోజు చూడటమే తెలివైన పని.

టికెట్టు, సమయం, ఖర్చు

199 కి.మీ. లోపు దూరానికి తీసుకున్న సాధారణ టికెట్ మీద 3 గంటల్లోపు, లేదా ఆ ఊరికి వెళ్ళే మొదటి రైలు బయలుదేరేలోపు, ఈ రెండింటిలో ఏది ఆలస్యమైతే అప్పటిలోగా ప్రయాణం మొదలుపెట్టాలి. ప్యాసింజర్ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కకూడదు. రైల్వే పట్టికలలో 24 గంటల పద్ధతి ఉంటుంది. 00.20 అని ఉన్న రైలును ‘శనివారం రాత్రి’ ఎక్కాలనుకుంటే, ఆ టికెట్ ఆదివారం తేదీతో తీసుకోవాలి. లైన్ల పనుల సమయంలో ప్యాసింజర్ రైళ్ళు రద్దవుతుంటాయి కనుక ముందు రోజు రాత్రి 139కి ఫోన్ చేసి కనుక్కోండి.

ఖర్చు విషయంలో ఒక మార్పు గమనించాలి. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితం. అందువల్ల విద్యార్థినులకు రైలు చౌక అన్న వాదన ఈ మార్గాల్లో నిలవదు. వారు రైలును ఎంచుకుంటే అది సమయం కోసం, సౌకర్యం కోసం. వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు బస్సు అన్న పద్ధతి కూడా బాగానే ఉంటుంది.

రెండేళ్ళకోసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతర రోజులలో వరంగల్, హన్మకొండలలో గది దొరకడం కష్టం. బస్సులు కూడా అటువైపే మళ్ళుతాయి. జాతరకు వెళ్ళేవారు తప్ప మిగిలినవారు ఆ వారం వదిలి మరో వారం చూసుకోవాలి.

అభ్యాసం: మీ అధ్యయన కేంద్రానికి దగ్గరలోని రైల్వే జంక్షన్‌ను కేంద్రంగా తీసుకోండి. ఒక్క రోజులో వెళ్ళి రాగల ఊరు ఒకటి ఎంచుకుని, మీ ఇంటికి చేర్చే చివరి బస్సు సమయం నుంచి వెనక్కి లెక్కిస్తూ, ఉదయం ఎన్ని గంటలకు బయలుదేరాలో పది పంక్తులలో రాయండి. తిరుగు రైలు రద్దయితే ఏం చేస్తారో కూడా చేర్చండి.