సగంలో ఆగిన ప్రాజెక్టులు ఎన్ని?

ఫైనలియర్ ప్రాజెక్టు, పైథాన్ కోర్సు, పోర్ట్‌ఫోలియో సైటు, మధ్యలో గేట్ నోట్సు... అన్నీ మొదలెట్టారు. రెజ్యూమెలో రాద్దామంటే ఒక్కటీ పూర్తికాలేదు. అవునా?

మన బొంతల్లాంటి క్విల్ట్‌లు కుట్టే అమెరికన్లకీ ఇదే గొడవ. నాలుగైదు ఒకేసారి మొదలుపెడతారు. మూలపడినవాటికి వాళ్లు పెట్టిన ముద్దుపేరు ‘యూఎఫ్ఓ’. ఎగిరే పళ్లేలు కాదండోయ్, అన్‌ఫినిష్డ్ ఆబ్జెక్ట్స్!

వాళ్లలో చాలామంది ఒక్కో క్విల్ట్‌కు ఒక్కో డబ్బా పెట్టుకుంటారు. గుడ్డముక్కలు, దారంతోపాటు తర్వాత కుట్టాల్సిందేంటో రాసిన చీటీ కూడా అందులోనే. నెల తర్వాత తెరిచినా వెతుక్కోనక్కర్లేదు. మీరూ ప్రతి ప్రాజెక్టు రీడ్‌మీ ఫైల్లో అలాంటి ఒక్క లైను రాశాకే లేవండి. ‘లాగిన్ పేజీ చేయాలి’ అని రాస్తే లాభం లేదు. ‘తప్పు పాస్‌వర్డ్ కొడితే మెసేజ్ రావట్లేదు, అది చూడాలి’ అని రాయండి.

ఇంకోటి. గుడ్డ కత్తిరించాలంటే బల్ల, ఏకాగ్రత కావాలి. అంచు చేత్తో కుట్టడం టీవీ చూస్తూనూ అయిపోతుంది. మీకైతే బుర్ర చురుగ్గా ఉన్నప్పుడు కోడింగ్, కాలేజీ బస్సులో ఫార్ములాల రివిజన్.

మరి ఒకేసారి ఎన్ని? 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఉంది. చేతిలో ఉన్న పనుల సంఖ్యను అవి పూర్తయ్యే వేగంతో భాగిస్తే, ఒక్కోదానికి పట్టే సగటు సమయం వస్తుంది. నెలకొకటి ముగించేవాళ్లు ఆరు పెట్టుకుంటే ఒక్కోటి సగటున ఆరు నెలలు తింటుంది. మూడైతే మూడే. నన్నడిగితే మూడు దాటొద్దు. ప్లేస్‌మెంట్లు దగ్గరపడితే మాత్రం, దాదాపు అయిపోయినదాన్ని ముందు ముగించండి. ఇంటర్వ్యూలో లింకు అడిగితే తెరిచి చూపించాల్సింది దాన్నే.