నర్సింగ్ స్కూలులో చేర్చే ముందు ఏమేమి చూడాలి?

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర నుండి మా ఓపీలో తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా అమ్మాయిని నర్సింగులో చేర్చుదామనుకుంటున్నామండీ, ఏ స్కూలు మంచిది?" ధవళేశ్వరం, బొబ్బర్లంక, వేమగిరి, కడియం చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలు బంగారం తాకట్టు పెట్టి ఈ చదువు చదివిస్తున్నాయి. అందుకే ఫలానా స్కూలు అని పేరు చెప్పడం కంటే, ఎలా చూసుకోవాలో చెప్పడమే మేలని అనుకుంటున్నాము. రేవులో దిగే ముందు లోతెంతో అడుగుతాము కదా!

ముందు కోర్సు ఏదో తెలుసుకోండి

ఏఎన్ఎం 2 సంవత్సరాలు, జీఎన్ఎం 3 సంవత్సరాలు, బీఎస్సీ నర్సింగ్ 4 సంవత్సరాలు. జీఎన్ఎంకు ఇంటర్‌లో ఏ గ్రూపు వారైనా అర్హులే. బీఎస్సీకి బైపీసీ సబ్జెక్టులు ఉండాలి. ఆరు నెలల, ఏడాది 'నర్సింగ్ అసిస్టెంట్' కోర్సులు వేరు. వాటితో నర్సుగా రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేనిదే ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టుకు దరఖాస్తు కూడా చేయలేరు.

అనుమతి కాగితాలు చూడండి

గోడ మీది బోర్డు చూసి సరిపెట్టుకోవద్దు. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ అనుమతి ఉందా? ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో స్కూలు పేరు ఉందా? బీఎస్సీ అయితే విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం ఉందా? ఈ విశ్వవిద్యాలయానికి 2022లో వైఎస్సార్ పేరు పెట్టి 2024లో మళ్ళీ పాత పేరు పెట్టారు. కాబట్టి మధ్య కాలపు కాగితాలపై వేరే పేరు ఉంటే కంగారు పడవద్దు. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో కొత్త జాతీయ కమిషన్ కోసం 2023లో పార్లమెంటు చట్టం చేసింది. కనుక ఉత్తరం ఎవరు ఇచ్చారో, తేదీ ఏమిటో చదవండి. ఏ కోర్సుకు, ఏ సంవత్సరానికి, ఎన్ని సీట్లకు అనే మూడూ అందులో ఉండాలి.

బెంగళూరు వైపు సీటు ఇప్పిస్తామని ఏజెంట్లు వస్తారు. "కాలేజీకి రానక్కరలేదు, పరీక్ష రాస్తే చాలు" అన్న చోట అసలు చేర్చవద్దు. బయట రాష్ట్రంలో చదివితే ముందు అక్కడి కౌన్సిల్‌లో రిజిస్టరై, తరువాత ఇక్కడికి మార్చుకోవాలని కూడా గుర్తుంచుకోండి.

ఆసుపత్రిని చూడండి

అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే. నర్సు పని రోగి మంచం దగ్గర నేర్చుకునేది. స్కూలుకు సొంత ఆసుపత్రి ఉందా? పనిరోజున ఉదయం పది గంటలకు వెళ్ళి వార్డులు చూడండి. మంచాలు ఎన్ని అని కాదు, మంచం మీద రోగులు ఎందరు అని లెక్కపెట్టండి. ఒక విద్యార్థినికి ముగ్గురు రోగులు ఉండాలని కౌన్సిల్ ప్రమాణం. కాన్పుల గది, పిల్లల వార్డు, ఆపరేషన్ థియేటరు ఉన్నాయా?

కాకినాడలోనో రాజమండ్రిలోనో ప్రభుత్వ ఆసుపత్రికి పంపుతామంటే ఆ అనుమతి ఉత్తరం అడగండి. అదే వార్డుకు ఇంకెన్ని స్కూళ్ళు పిల్లలను పంపుతున్నాయో కూడా అడగండి. ఒక్క కాన్పు చుట్టూ ఇరవై మంది నిలబడితే ఎవరికీ చెయ్యి తిరగదు.

టీచర్లు, సీనియర్లు

పది మంది విద్యార్థులకు ఒక టీచరు ఉండాలి. ప్రిన్సిపాల్ రోజూ వస్తారా? లైబ్రరీ, ప్రాక్టికల్ ల్యాబ్ తెరిచి చూపమనండి. మూడవ సంవత్సరం పిల్లలతో విడిగా మాట్లాడండి. "ఇంజక్షన్లు, సెలైన్లు మీ చేతులతో పెట్టారా? నైట్ డ్యూటీకి ఎవరు తీసుకువెళతారు? హాస్టల్లో వార్డెన్ రాత్రి ఉంటారా?" అని అడిగితే బ్రోషరులో లేని సంగతులు తెలుస్తాయి.

ఫీజు, సర్టిఫికెట్లు

అన్ని సంవత్సరాల ఫీజు, హాస్టల్, యూనిఫాం, పరీక్ష ఫీజు విడివిడిగా రాసి ఇమ్మనండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలనకు చూపించి వెనక్కు తెచ్చుకోండి. బాండు మీద సంతకం పెట్టేముందు పూర్తిగా చదవండి.

పదేళ్ళ తరువాత కూడా

మన జిల్లాల నుండి గల్ఫ్ వెళ్ళే నర్సులు చాలామంది. అక్కడి లైసెన్సుకు డేటాఫ్లో అనే సంస్థ ద్వారా సర్టిఫికెట్ నిజమా కాదా అని చదివిన స్కూలునే అడుగుతారు. అప్పటికి స్కూలు మూతపడినా, రికార్డులు లేకపోయినా అమ్మాయి ప్రయాణం ఆగిపోతుంది. అందుకే ఎన్నాళ్ళుగా నడుస్తున్న స్కూలో, పాత విద్యార్థినులు ఎక్కడెక్కడ పనిచేస్తున్నారో విచారించండి.

అమ్మాయిని వెంటబెట్టుకుని కనీసం రెండు స్కూళ్ళు చూడండి. రక్తం చూసి భయపడుతుందా, రాత్రి డ్యూటీ చేయగలదా అని ఆమెనూ అడగండి. సందేహముంటే డబ్బు కట్టక ముందే కాగితాలు మా నర్సింగ్ సూపరింటెండెంట్ ఆఫీసుకు తీసుకురండి, కలిసి చదువుదాము. ఈ పిల్లలు నేర్చుకునే పని రేపు మనలో ఎవరి మంచం దగ్గరైనా అక్కరకు వచ్చేదే.