గింజకు వెల కట్టేదెవరు?

మాదాపూర్‌లోనో, కొండాపూర్‌లోనో పెద్ద కిరాణా దుకాణానికి ఎప్పుడైనా వెళితే బియ్యం బస్తాల దగ్గర కాసేపు ఆగి చూడండి. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన తర్వాత దేశం నలుమూలల నుంచి జనం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. అందుకే ఆ వరుసలో సోనా మసూరి, బాస్మతి, కేరళవారు తినే ఉప్పుడు బియ్యం పక్కపక్కనే ఉంటాయి. ఎదుటి వరుసలో గోధుమ పిండి సంచులు. వాటిలోనూ మధ్యప్రదేశ్ 'షర్బతి' అని రాసి ఉన్న సంచి ధర మిగతావాటికంటే ఎక్కువ.

ఇందులో ఒక వింత ఉంది. ఏ బియ్యమైనా వంద గ్రాములు తింటే మనకు అందే శక్తి ఇంచుమించు ఒకటే. దొడ్డు బియ్యం ఆకలి తీర్చదా? తీరుస్తుంది. మరి ధరలో ఇంత తేడా ఎందుకు? ధర నిర్ణయించేది గింజలోని శక్తి కాదు. మరలో ఆ గింజ ఎలా నిలిచింది, పొయ్యి మీద ఎలా ఉడికింది, చూపుకు ఎలా ఉంది - ఇవే దాని వెలను తేలుస్తాయి.

ముందు మర సంగతి చూద్దాం. వంద కిలోల వడ్లు ఆడిస్తే వంద కిలోల బియ్యం రావు. ఊక, తవుడు పోగా 67 కిలోల బియ్యం ఇవ్వాలని భారత ఆహార సంస్థ మిల్లులకు లెక్క పెట్టింది. ఆ బియ్యంలో కూడా నూటికి 25 వంతుల దాకా నూకలు ఉండవచ్చని చాలాకాలం అనుమతించింది. నూకలంటే విరిగిన గింజలే. వాటిలో పోషణ ఏమీ తగ్గదు. అయినా నిండు గింజకు వచ్చే ధర వాటికి రాదు. రవ్వకో, కోళ్ళ దాణాకో, సారా తయారీకో పోతాయి.

గింజ మరలోనే విరుగుతుందని మనం అనుకుంటాం. నిజానికి చాలాసార్లు అది పొలంలోనే పగిలి ఉంటుంది! తెలంగాణలో యాసంగి వరి కోతకు వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. పగలు మండుటెండకు గింజ పైపొర త్వరగా ఎండి ముడుచుకుంటుంది. లోపలి భాగం ఇంకా తేమగానే ఉంటుంది. రాత్రి మళ్ళీ గాలిలోని తేమను పైపొర పీల్చుకుంటుంది. ఈ లాగుడు, పీకుడు మధ్య గింజ అడ్డంగా సన్నని పగుళ్ళు తీస్తుంది. ఊక చాటున ఉండటంవల్ల ఆ పగుళ్ళు రైతుకు కనిపించవు. మిల్లు రోలరు కిందికి వెళ్ళాకగాని బయటపడవు.

దీనికి పాతకాలం నుంచీ ఒక ఉపాయం ఉంది. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత ఆడిస్తారు. ఆవిరి వేడికి గింజలోని పిండిపదార్థం జిగురుగా మారి పగుళ్ళను పూడ్చేస్తుంది. ఎముక అతుక్కున్నట్టు గింజ అతుక్కుంటుందన్నమాట. పైగా తవుడు పొరలో ఉండే బి1 విటమిను కొంత గింజ లోపలికి చేరుతుంది. అదే ఉప్పుడు బియ్యం. పోషణరీత్యా పచ్చి బియ్యంకంటే ఒకమెట్టు మేలే. కానీ తెలుగువాళ్ళలో అత్యధికులు దాన్ని తినరు. రంగు, వాసన నచ్చవు.

ఈ చిన్న పగులు 2021-22లో ఒక పెద్ద వివాదానికి కారణమైంది. తెలంగాణ యాసంగి పంటలో ఎక్కువ భాగాన్ని ఉప్పుడు బియ్యంగా మార్చి ఆహార సంస్థకు ఇచ్చేవారు. ఉప్పుడు బియ్యం తినే రాష్ట్రాలు తమకు కావలసినంత తామే పండించుకుంటున్నాయి, గోదాముల్లో నిలవలు పేరుకున్నాయి, ఇకమీదట పచ్చి బియ్యమే ఇవ్వండి అన్నది కేంద్రం. పచ్చి బియ్యంగా ఆడిస్తే నూకలు పెరిగిపోతాయి, ఆ నష్టం ఎవరు భరించాలి అన్నది రాష్ట్రం. 2022 ఏప్రిల్ 11న రాష్ట్ర ప్రభుత్వాన్ని నడుపుతున్నవారే ఢిల్లీకి వెళ్ళి ధర్నా చేశారు. మర్నాడు రాష్ట్ర మంత్రివర్గం సమావేశమై, క్వింటాలుకు 1,960 రూపాయల మద్దతు ధరకు ధాన్యం తామే కొంటామని ప్రకటించింది. అప్పటికి ఎందరో రైతులు ఈసారి వరి వేయాలా, వద్దా అని నెలల తరబడి తటపటాయించారు.

అదే ఏడాది ఉత్తరాదిన గోధుమకూ ఇలాంటి గతే పట్టింది. మార్చిలోనే ఎండలు ముదిరి, పాలు పోసుకుంటున్న గింజ నిండకుండానే ముడుచుకుపోయింది. ముడుచుకున్న గింజలు నూటికి 6 వరకే ఉండాలన్న నిబంధనను పంజాబ్, హర్యానాలకోసం 18కి సడలించవలసి వచ్చింది. లేకపోతే ఆ గోధుమ ప్రభుత్వ కొనుగోలుకే నోచుకునేది కాదు.

గోధుమ మాట వచ్చింది కనుక మీరు ఇంట్లోనే ఒక ప్రయోగం చేయండి. గుప్పెడు గోధుమ పిండిని గట్టిగా కలిపి, అరగంట నానిన తర్వాత కుళాయి కింద సన్నని ధారలో పిసుకుతూ కడగండి. తెల్లని పిండి నీళ్ళతో కొట్టుకుపోయి చేతిలో రబ్బరులాంటి ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్ అనే మాంసకృత్తి. హోటల్లో వంటవాడు రుమాలీ రోటీని గాలిలోకి ఎగరేసి చేతిగుడ్డంత వెడల్పు చేస్తున్నా అది చిరగదంటే ఆ సాగే గుణం దీనిదే. ఇప్పుడు ఉస్మానియా బిస్కెట్టును తలచుకోండి. అది సాగకూడదు, నోట్లో పొడిపొడిగా విరగాలి. కనుక బిస్కెట్ల వారికి గ్లూటెన్ తక్కువగా ఉన్న మెత్తని గోధుమ కావాలి, రొట్టెల వారికి ఎక్కువ ఉన్న గట్టి గోధుమ కావాలి. ఒకరికి మేలిరకం మరొకరికి పనికిరానిది! గట్టి గోధుమ విసిరినప్పుడు నీరు బాగా పీల్చుకునే పిండి వస్తుంది. దాంతో చేసిన చపాతీ చల్లారినా మెత్తగా ఉంటుంది. షర్బతి గిరాకీ వెనుక ఉన్నది ఈ మెత్తదనం, ఆ గింజ మెరుపు, కాస్త తీపి రుచి. ప్రభుత్వ మద్దతు ధర మాత్రం మాంసకృత్తుల శాతాన్ని అడగదు. తేమ, మట్టి, తాలు, ముడుచుకున్న గింజలు హద్దులో ఉంటే అందరికీ ఒకే ధర.

బియ్యంలో గ్లూటెన్ లేదు. అక్కడ పెత్తనం ఎమైలోజ్‌ది. పిండిపదార్థంలో రెండు రకాల అణువులుంటాయి. కొమ్మలు లేని పొడవైన గొలుసు ఎమైలోజ్, గుబురుగా కొమ్మలు వేసేది ఎమైలోపెక్టిన్. ఎమైలోజ్ బాగా తక్కువైతే అన్నం ముద్ద కడుతుంది. నూటికి 25 దాటితే పొడిపొడిగా ఉండి, చల్లారాక గట్టిపడుతుంది. 20కీ 25కీ మధ్య ఉంటే మనవాళ్ళకు ఇష్టమైన అన్నం వస్తుంది. పప్పులో కలుస్తుంది, మెతుకు మెతుకుగానూ ఉంటుంది. కొత్త బియ్యం వండితే మెత్తబడుతుందని, పాతబడితే బాగా ఒదుగుతుందని మీ అమ్మమ్మగారు చెప్పే ఉంటారు. అందుకే ఏడాది నిలవ చేసిన బియ్యానికి దుకాణంలో ఎక్కువ ధర పలుకుతుంది.

ఈ గుణాలన్నిటినీ కొలిచే చోటు హైటెక్ సిటీకి ఎంతో దూరంలో లేదు. బాహ్యవలయ రహదారి మీదుగా దక్షిణానికి వెళితే రాజేంద్రనగర్. అక్కడ భారతీయ వరి పరిశోధన సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204 అనే సాంబ మసూరి రుచిలో మేటి అయినా, ఎండాకు తెగులుకు ఇట్టే లొంగిపోయేది. తెగులును తట్టుకునే వేరే రకాలు లేకపోలేదు. వాటి బియ్యం జనం కొనరు, కనుక రైతు వేయడు. రాజేంద్రనగర్ శాస్త్రజ్ఞులు, హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. వారు కలిసి తెగులును నిలువరించే మూడు జన్యువులను సాంబ మసూరిలోకి సంకరంద్వారా తెచ్చారు. తర్వాత మళ్ళీ మళ్ళీ సాంబ మసూరితోనే కలిపి దాని గింజ గుణం చెడకుండా కాపాడారు. ఆ మెరుగైన రకం 2008లో విడుదలైంది. విశ్వవిద్యాలయం వారి ఆర్.ఎన్.ఆర్. 15048, అంటే తెలంగాణ సోనా, 2015లో వచ్చింది. సాంబ మసూరికి ఐదు నెలలు పడితే ఇది సుమారు 125 రోజులకే కోతకు వస్తుంది.

సన్నరకం వేయడానికి రైతు ఎందుకు వెనుకాడతాడో చిన్న లెక్క వేసి చూడండి. ఎకరానికి దొడ్డురకం 28 క్వింటాళ్ళు, సన్నరకం 24 పండాయనుకుందాం. 2024-25లో 'ఎ' గ్రేడు వడ్ల మద్దతు ధర 2,320 రూపాయలు. దొడ్డుకు 64,960, సన్నానికి 55,680. అన్నం బాగున్నందుకు రైతుకు మిగిలింది తొమ్మిదివేల నష్టం! ఆ వానాకాలం నుంచి తెలంగాణ ప్రభుత్వం సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనసు ప్రకటించింది. అది కలిపితే సన్నానికి 67,680 అవుతుంది. త్రాసు ఇటు మొగ్గింది.

బోనసు ఉన్నచోట తగవూ ఉంటుంది కదా! ఏది సన్నం? గింజ పొడవు 6 మిల్లీమీటర్లకు, వెడల్పు 2 మిల్లీమీటర్లకు లోబడి ఉండాలని, పొడవును వెడల్పుతో భాగిస్తే 2.5కు మించాలని కొలత పెట్టారు. కొనుగోలు కేంద్రాలకు ఊక తీసే చిన్న యంత్రాలు, గింజను కొలిచే కాలిపర్లు పంపారు. ఇక్కడ తమాషా ఏమిటంటే, మార్టేరు నుంచి వచ్చిన ఎమ్.టి.యు. 1010 అసలు పేరు 'కాటన్‌దొర సన్నాలు'. పేరులోనే సన్నం ఉంది. తెలంగాణ మార్కెట్టులో మాత్రం అది దొడ్డురకమే.

2025 ఉగాది నాడు, మార్చి 30న, హుజూర్‌నగర్‌లో రేషను కార్డులపై సన్నబియ్యం పంపిణీ మొదలైంది. అంతకుముందు ఇచ్చిన దొడ్డు బియ్యాన్ని చాలా ఇళ్ళలో వండుకోకుండా కిలో ఇంతకని అమ్మేసేవారు. మీ ఇంట్లో ఉన్న బియ్యంలోంచి పది గింజలు తీసి గ్రాఫు కాగితం మీద వరుసగా పేర్చి కొలవండి. తర్వాత ఒక గుప్పెడు తీసుకుని నిండు గింజలెన్ని, నూకలెన్ని లెక్కపెట్టండి. మీ పక్కింటివారి బియ్యంతో, వారు కిలోకు ఇచ్చిన ధరతో పోల్చి చూడండి.